లాబ్ చెవికి మూడోసారి ఇన్‌ఫెక్షన్, ఇప్పుడు తల ఒక పక్కకి వాల్చేస్తున్నాడు

బ్రూనో_అమ్మ
మా బ్రూనో లాబ్రడార్, ఆరేళ్లు. ఉండేది విజయవాడ. జూన్ నుంచి ఎడమ చెవికి ఇది మూడోసారి. ప్రతిసారీ ఒకటే కథ. తల విదిలించడం, చెవి దగ్గర పులిసిన పిండి వాసన, గోధుమ రంగు గులిమి. క్లినిక్‌కి తీసుకెళ్తే చుక్కలు రాస్తారు. ఐదారు రోజులు వేస్తాను, వాసన పోతుంది, ఆపేస్తాను. నెల తిరక్కుండా మళ్లీ మొదలు. ఈసారి క్లినిక్‌కి కూడా పోలేదు. ఫ్రిజ్ తలుపులో గుడ్ల పక్కన పాత సీసా ఉంటే అదే వేశాను.

నిన్నటి నుంచి వరస మారింది. ఎవరో గుసగుసలాడుతుంటే వింటున్నట్టు తల ఎడమకి వాల్చి నిలబడుతున్నాడు. ముద్దుగా ఉందని ఫోటో కూడా తీశాను, ఇప్పుడు అది చూస్తే ఏడుపొస్తోంది. ఎముక బిస్కెట్ నోట్లో పెట్టుకుని వదిలేశాడు. నీళ్లు తాగుతుంటే ఎడమ పెదవి పక్క నుంచి కారిపోతున్నాయి. పొద్దున సోఫా ఎక్కబోయి పక్కకి పడ్డాడు. మా అత్తయ్య దిష్టి అంటున్నారు, మా ఆయన పక్షవాతం అంటున్నారు. ఫోన్ చేస్తే పాత డాక్టర్ అవే చుక్కలు మళ్లీ వేయమన్నారు. ఎవరికైనా ఇలా అయిందా?

గుంటూరు_సీను
దిష్టి తీస్తే పోయేదేం లేదు, తీసేయండి. మిరపకాయల పొగ మాత్రం కుక్క ముక్కు దాకా రానివ్వకండి.

నాకు తెలిసి చెవిలో గోమారి దూరి ఉంటుంది. నాలుగు వెల్లుల్లి రెబ్బలు కొబ్బరి నూనెలో కాచి, వడకట్టి, గోరువెచ్చగా రెండు చుక్కలు వేయండి. మా నాన్న కాలం నుంచి మా ఇంట్లో అదే మందు.

కాకర్_రాజీ
సీను గారూ, మీ నాన్నగారి మీద గౌరవంతోనే చెప్తున్నా, ఆ నూనె మాత్రం వద్దు. నేనూ మొదట్లో అదే పోశాను. నా కథ తర్వాత రాస్తా, అది పెద్దది. బ్రూనో అమ్మగారూ, తల వాలడం, పెదవి జారడం రెండూ కలిసి వచ్చాయంటే ఇక బయటి చెవితో ఆగలేదు. ఈ రోజే ఎవరికైనా చూపించండి.

వాసు_రాటీ
పక్షవాతమే అయ్యుండొచ్చు కదా? మా పక్కింటి కుక్క ఇలాగే ఒక్క పూటలో పడిపోయింది.

గేదెల_డాక్టర్
నేను పల్లెలో ఉద్యోగం చేసే పశువైద్యుణ్ని. రోజుకి ఇరవై గేదెలు చూస్తే రెండు కుక్కలు చూస్తాను, ఆ లెక్కలోనే నా మాట తీసుకోండి. చూడకుండా ఇది ఫలానా జబ్బని చెప్పను. మీరు రాసిన లక్షణాలు ఎక్కడి నుంచి రావచ్చో మాత్రం చెప్తాను.

మన చెవి రంధ్రం ఇంచుమించు నేరుగా లోపలికి పోతుంది. కుక్కది అలా కాదు. ముందు నిట్టనిలువుగా కిందికి దిగుతుంది, అక్కడ మలుపు తిరిగి లోపలికి పోతుంది. మెట్లు దిగి పక్కకి తిరిగితే తగిలే నేలమాళిగ అనుకోండి. ఆ మలుపు దగ్గర గాలి ఆడదు, తడి ఆరదు. నేలమాళిగ చివర గోడ కర్ణభేరి. ఆ గోడ వెనక బుర్ర ఎముకలోనే బుడగ లాంటి ఖాళీ గది ఉంటుంది, దాన్ని బుల్లా అంటాం. అదే మధ్యచెవి. బయటి చెవిలో నెలల తరబడి చీము మగ్గితే ఆ గోడ నానిపోయి చిల్లు పడుతుంది, చీము గదిలోకి దిగుతుంది. కుక్కల్లో మధ్యచెవి ఇన్‌ఫెక్షన్ ఎక్కువగా వచ్చే దారి ఇదే.

ఇక మీరు చెప్పినవి. ముఖం కండరాలని కదిలించే నరం ఆ గదిని ఆనుకునే పోతుంది. అది దెబ్బతింటే పెదవి జారి నీళ్లు కారతాయి, ఆ పక్క కన్ను ఆర్పలేదు. దవడ కీలు కూడా ఆ గదికి దగ్గరే, అందుకే గట్టివి నమలాలంటే, నోరు బాగా తెరవాలంటే నొప్పి. దాని పక్కనే లోపలి చెవి, నిలకడ చూసుకునేది అదే. అక్కడికి వాపు చేరితే తల చెడ్డ చెవి వైపుకి వాలుతుంది, ఆ వైపుకే తూలి పడతారు. మీ వాడిది ఎడమ చెవి, వాలింది ఎడమకే, కారింది ఎడమ పెదవే. లెక్క సరిపోతోంది కదా?

ఇప్పుడు చేయాల్సింది ఒకటే. డాక్టర్ చూసేదాకా ఆ చెవిలో ఏమీ పోయకండి. చుక్కలు వద్దు, క్లీనర్ వద్దు, నూనె వద్దు. కర్ణభేరికి చిల్లు ఉంటే, బయటి చెవికి పనికొచ్చే కొన్ని మందులే లోపలి చెవిని చెడగొడతాయి. జెంటామైసిన్ ఉన్న చుక్కలు అలాంటివే. వినికిడి పోవచ్చు, తూలడం పెరగవచ్చు.

ఇంకో పని. వేలితో ఎడమ కంటి మూల మెల్లిగా తాకండి. రెప్ప పూర్తిగా మూస్తున్నాడా?

బ్రూనో_అమ్మ
ఇప్పుడే చూశా సర్. కుడి కన్ను టక్కున మూస్తున్నాడు. ఎడమది సగం దాకా వచ్చి ఆగిపోతోంది. అన్నం మెతుకులు కూడా ఎడమ బుగ్గలో ఉండిపోయాయి, వేలు పెట్టి తీశాను. సీసా మీద చూస్తే జెంటామైసిన్ అనే ఉంది. చేతులు వణుకుతున్నాయి.

గేదెల_డాక్టర్
వణకొద్దు అమ్మా. అన్నం తింటున్నాడు, లేచి నడుస్తున్నాడు, అది మంచిదే. కన్ను ఆర్పకపోతే నల్లగుడ్డు ఎండి పుండు పడుతుంది. మెడికల్ షాపులో కృత్రిమ కన్నీళ్ల చుక్కలు దొరుకుతాయి, మనుషులవే. స్టెరాయిడ్ లేనివి అడిగి తీసుకుని రోజుకి నాలుగైదు సార్లు వేయండి. ఫ్యాన్ కింద పడుకోనివ్వకండి. ఆగకుండా వాంతులైనా, లేవలేకపోయినా రేపటి దాకా ఆగొద్దు. మీకు గన్నవరం పశువైద్య కళాశాల దగ్గరే కదా, పొద్దున్నే వెళ్లి వరసలో ఉండండి.

బిల్లు_బాధితుడు
ఇక్కడ అందరూ ఎక్స్‌రే, మత్తు, కల్చర్ (నమూనాలోని సూక్ష్మజీవిని పెంచి చూసే పరీక్ష) అంటూ మొదలుపెడతారు చూడండి. చెవిలో గులిమి తీయడానికి మత్తు ఎందుకండీ? మాకు ఓ చోట అలాగే చెప్పి ఎనిమిది వేలు గుంజారు. పదిహేను రోజులకి మళ్లీ వాసన.

గేదెల_డాక్టర్
ఎనిమిది వేల సంగతి నాకు తెలియదు. మత్తు ఎందుకో చెప్తాను. నొప్పితో ఉన్న కుక్క మలుపు దాటి లోపలికి ఆటోస్కోప్, అంటే చెవి లోపల చూసే పరికరం, పెట్టనిస్తుందా? ఒక్కసారి తల విదిలిస్తే నేనే కర్ణభేరిని చీల్చేస్తాను. పైగా చీము నిండితే గోడ కనపడదు, కడిగితేనే కనపడుతుంది. ఆ కడిగిన నీళ్లు చిల్లులోంచి గొంతులోకి దిగే అవకాశం ఉంది, అందుకని శ్వాసనాళంలో గొట్టం వేసి మరీ చేస్తారు. పదిహేను రోజులకి వాసన మళ్లీ వచ్చిందంటే మత్తు వృథా అయినట్టు కాదు. తర్వాత మందు ఎన్నాళ్లు వాడారు?

బిల్లు_బాధితుడు
వారం.

కాకర్_రాజీ
😐

గేదెల_డాక్టర్
మధ్యచెవి అయితే నోటి మందు సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువే. వాసన పోయింది కదా అని ఆపేది కాదు. వాసన బయటి మెట్ల మీదిది. గది ఖాళీ అయిందో లేదో మీ ముక్కు చెప్పలేదు.

పదమూడేళ్ల_పింకీ
వాసు గారు పక్షవాతం అన్నారు కదా, దానికి నా అనుభవం. మా పింకీ పామెరేనియన్, పోయినేడు సంక్రాంతి మర్నాడు పొద్దున లేవలేకపోయింది. తల వంకర, కళ్లు లోలకంలా అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి, ఒకటే వాంతులు. చూసిన ప్రతివాళ్లూ పక్షవాతం, నిద్రపుచ్చేయమన్నారు. మా అబ్బాయి ఒప్పుకోలేదు. డాక్టర్ రెండు చెవులూ చూసి శుభ్రంగా ఉన్నాయన్నారు. ముసలి కుక్కలకి కారణం తెలియకుండా బ్యాలెన్స్ ఇలా ఉన్నట్టుండి పోతుందట, దానంతట అదే సర్దుకుంటుందట. నేల మీద బొంత పరిచి, గిన్నె నోటి దగ్గర పట్టుకుని తినిపించాం. నాలుగో రోజుకి గోడ పట్టుకుని లేచింది. రెండు వారాలకి వీధిలో పిల్లిని తరిమింది. ఇప్పటికీ తల రవ్వంత వంకరే.

వాసు_రాటీ
అయితే బ్రూనోకి కూడా అదే కావచ్చు, ఊరికే భయపెడుతున్నారు.

పదమూడేళ్ల_పింకీ
కాదండీ, నేను చెప్పింది దానికి తిరగేసి. మా పింకీకి చెవులు శుభ్రం, వయసు పదమూడు. వాడికి ఆరేళ్లే, నాలుగు నెలల నుంచి అదే చెవి. ముందు చెవి సంగతి తేల్చాలి కదా.

గేదెల_డాక్టర్
పింకీ వాళ్లు సరిగ్గా చెప్పారు. ముసలి కుక్కల జబ్బులో ముఖం జారదు కూడా.

వీధి_నేస్తం
కొంచెం పక్కకి వెళ్తున్నా, క్షమించాలి. మా వీధిలో ఒక ఆడకుక్కకి చెవి దగ్గర గాయమై పురుగులు పట్టాయి. ఎవరో టర్పెంటైన్ పోయమన్నారు. గాయం లోపలి దాకా ఉన్నట్టుంది. పోయొచ్చా?

గేదెల_డాక్టర్
పశువుల పుండ్లకి పల్లెల్లో టర్పెంటైన్ వాడతారు, నిజమే. చెవి రంధ్రంలో మాత్రం పోయకండి, చర్మం కాలిపోతుంది. పైకి కనపడే పురుగుల్ని ఫోర్సెప్స్‌తో తీసి, దగ్గరలోని పశువైద్యశాలకి తీసుకెళ్లండి. మూతికి గుడ్డ కట్టాకే చేయి పెట్టండి. పాపం నొప్పికి కరుస్తుంది, దాని తప్పు కాదు. రేబిస్ టీకా వేయించని కుక్క కరిస్తే ఆ తప్పు ఎవరిదైనా సూదులు మీకే.

చిన్ని_పగ్
అయ్యో ఈ థ్రెడ్ చూసి మా చిన్ని గుర్తొచ్చింది. దానికి పోయినేడు చెవి కడిగిన మర్నాడు ఒక కన్ను చిన్నదైపోయింది. రెప్ప వాలి, కంటి మూల నుంచి ఎర్రటి పొర సగం దాకా వచ్చింది, కంటిపాప సూదిమొనంత. కన్ను పోయిందనుకుని ఆటోలో పరిగెత్తాం. కంటికి వెళ్లే ఇంకో నరం కూడా ఆ మధ్యచెవి గదిలోంచే పోతుందట, కడగడంలో అది కందిపోయింది. హార్నర్ అని పేరు చెప్పారు. ఐదు వారాల్లో మామూలైంది. కడిగించేవాళ్లు ముందే తెలుసుకుంటే నాలాగా హడలిపోరు.

నెవార్క్_నాని
అమెరికా నుంచి ఒక తేడా కేసు. మాది కావలియర్ కింగ్ చార్ల్స్ స్పానియల్. చెవి బయట అద్దంలా ఉండేది. వాసన లేదు, గులిమి లేదు. కానీ మెడ గోక్కోవడం, ఊరికే ఆవులించడం, పిలిస్తే పలకకపోవడం. అలక అనుకున్నాం. చివరికి స్కాన్‌లో తేలింది, రెండు మధ్యచెవుల్లో జిగురు గట్టిగా నిండిపోయి ఉంది. చీము కాదు, సూక్ష్మజీవి లేదు. కర్ణభేరికి సూదితో చిన్న గాటు పెట్టి కడిగి తీశారు. ఆ మర్నాడు బిస్కెట్ కవర్ చప్పుడుకి మేడ మీద నుంచి దిగొచ్చింది.

గేదెల_డాక్టర్
ఆ జాతిలో బాగా కనపడే సమస్య అది. బయటి నుంచి వచ్చింది కాదు. వాటికి వెన్నుపాములో ఇంకో జబ్బు ఉన్నా మెడ గోక్కుంటాయి, స్కాన్ లేకుండా తేల్చడం కష్టం. మన దగ్గర ఆ కుక్కలు తక్కువ. మొన్నొకాయన కొన్నానని చూపిస్తే తీరా చూస్తే నాటు స్పానియల్.

అన్నట్టు దూడలకీ మధ్యచెవిలో చీము పడుతుంది. మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి వల్ల, న్యుమోనియాతో పాటు. ఒక చెవి కిందికి వేలాడేసి, తల వంకరగా పెట్టి నిలబడతాయి. రైతులు ఎవరో మందు పెట్టారని నా దగ్గరికి తెస్తారు.

గుంటూరు_సీను
డాక్టర్ గారు గేదెల్ని తేకుండా ఉండలేరు 😄

సరే, నా వెల్లుల్లి నూనె సంగతి చెప్పండి. నలభై ఏళ్లు పనిచేసింది అబద్ధమా?

గేదెల_డాక్టర్
కర్ణభేరి బాగుండి, గులిమి ఎండి ఉన్న కుక్కకి గోరువెచ్చటి నూనె గులిమిని మెత్తబరుస్తుంది. అంతవరకు మీ నాన్నగారు తప్పు కాదు. చీము ఉన్న చెవిలో నూనె పోస్తే గాలి ఇంకా ఆడదు. చిల్లు ఉంటే నేరుగా గదిలోకి దిగుతుంది, బయటికి తీయలేం. వెల్లుల్లి పచ్చి రసమైతే చర్మాన్ని మండిస్తుంది. నిమ్మరసం, హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా అంతే. మీ నలభై ఏళ్లలో ఏ కుక్కకి చిల్లు ఉందో ఎవరు చూశారు?

గుంటూరు_సీను
చూడలేదు, ఒప్పుకున్నా. మా ఊళ్లో ఆటోస్కోప్ అంటే రిక్షా స్టాండ్ అనుకుంటారు.

బ్రూనో_అమ్మ
గన్నవరం వెళ్లొచ్చాం. బ్రూనో చుట్టూ పది మంది పిల్లలు నోట్‌బుక్‌లు పట్టుకుని నిలబడ్డారు. వాడికి ఇంత మంది తనని చూడడం పండగలా ఉంది, తల వంకరగానే తోక ఊపాడు.

చెవి కాలువ వాచి మూసుకుపోయింది, కర్ణభేరి కనపడనే లేదు. దూదిపుల్లతో కొంచెం తీసి స్లైడ్ మీద రుద్ది రంగు వేసి చూశారు. గుండ్రటి ఈస్ట్‌తో పాటు పుల్లల్లాంటి బ్యాక్టీరియా కూడా ఉన్నాయన్నారు. ఇదివరకు చుక్కలు రాసిన చోట స్లైడ్ ఒక్కసారి కూడా చూడలేదు. ఎక్స్‌రేలో ఎడమ బుల్లా తెల్లగా, గోడ మందంగా ఉంది. మూడు రోజులు వాపు తగ్గే మాత్రలు ఇచ్చి శుక్రవారం మత్తులో కడుగుతామన్నారు. చుక్కలు ఆపి మంచి పని చేశావమ్మా అన్నారు. డాక్టర్ గారూ, అది మీ పుణ్యమే.

వాసు_రాటీ
మా రాటీకి కూడా చెవి కంపు. మా డాక్టర్ లోపల చూసి కర్ణభేరి బాగుంది అన్నారు. అంటే మధ్యచెవి లేనట్టే కదా?

గేదెల_డాక్టర్
అలా అనుకోవద్దు. కర్ణభేరి మళ్లీ అతుక్కుంటుంది, మూడు నుంచి ఐదు వారాల్లో. ఇన్‌ఫెక్షన్ పూర్తిగా పోకముందే అతుక్కుంటే చీము లోపలే బందీ. తలుపు వేసి ఉందంటే ఇంట్లో దొంగ లేడని కాదు. అనుమానం ఉంటే గాటు పెట్టి లోపలి నమూనా తీస్తారు. అక్కడి సూక్ష్మజీవి, బయటి కాలువలోది వేర్వేరుగా ఉండవచ్చు, అందుకే రెండు చోట్లవీ కల్చర్‌కి పంపితే మంచిది. ఎక్స్‌రే బాగుందన్నా పూర్తి భరోసా లేదు, మొదట్లో మార్పు కనపడదు. సీటీ స్కాన్‌లో స్పష్టంగా తెలుస్తుంది. అన్ని చోట్లా దొరకదు, ఖర్చు కూడా.

మీ రాటీ తల వాల్చడం, నమలలేకపోవడం లాంటివి లేకుండా ఊరికే కంపేనా?

వాసు_రాటీ
కంపు, గోకుడు. ఇంకేం లేదు. పాదాలు కూడా రాత్రంతా నాకుతూనే ఉంటాడు.

కాకర్_రాజీ
వాసు గారూ ఆ పాదాల సంగతి గట్టిగా పట్టుకోండి. ఇక నా కథ.

మా గుండు కాకర్ స్పానియల్. రెండో ఏడు నుంచి చెవులు. ఐదేళ్లు. నేను చేయని పని లేదు. నూనె, చుక్కలు, బడ్స్, ఫేస్‌బుక్‌లో చెప్పిన పసుపు. ఒక పార్లర్‌లో స్నానానికి పెట్టిన దూది చెవిలోనే మర్చిపోయారు, పన్నెండు రోజులకి బయటపడింది. సీసా మూత తీసే టక్ అనే చప్పుడు వినగానే మంచం కింద దూరేవాడు. మా వారి విటమిన్ సీసా తీసినా దూరేవాడు.

ప్రతిసారీ తగ్గినట్టే తగ్గేది. ఒకసారి విదిలించి విదిలించి చెవి రేకులో రక్తం గూడు కట్టి సమోసాలా ఉబ్బింది, అది కోసి కుట్లు వేశారు. చెవికి అసలు కారణం మాత్రం ఎవరూ వెతకలేదు, నేనూ అడగలేదు. ఏడో ఏట చెవి పట్టుకుంటే రబ్బరు గొట్టం బదులు ఎముక ముక్క తగిలింది. కాలువ గోడలు గట్టిపడి సున్నం పట్టాయి, రంధ్రంలో అగ్గిపుల్ల కూడా దూరదు. అప్పటికి ఆవులిస్తే ఏడ్చేవాడు.

అప్పుడిక ఆపరేషన్ ఒక్కటే దారి అన్నారు. చెవి కాలువ మొత్తం తీసేసి, వెనకున్న బుల్లా ఎముకని తెరిచి గోకి శుభ్రం చేస్తారు. చెవి రేకు అలాగే ఉంటుంది, రంధ్రం ఉండదు. ముఖం నరం పక్కనే కాబట్టి పెదవి జారే ప్రమాదం ఉందని ముందే సంతకం పెట్టించుకున్నారు. రెండు రాత్రులు నేను నిద్రపోలేదు. మా వాడికి పెదవి మూడు వారాలు జారి తిరిగొచ్చింది. ఆ చెవికి ఇప్పుడు ఏమీ వినపడదు. పదో రోజున, నేను వాడి తల నిమురుతుంటే, ఐదేళ్లలో మొదటిసారి ఆ చెవిని నా అరచేతిలో పెట్టి నొక్కి పడుకున్నాడు. అంతకాలం నొప్పి ఎంత ఉందో అప్పుడు తెలిసింది నాకు. ముందే ఎందుకు చేయించలేదా అని ఇప్పటికీ తిట్టుకుంటాను.

ఆపరేషన్ తర్వాత తెలిసింది, మూలం అలర్జీ. రెండో చెవిని దాన్ని పట్టుకునే కాపాడుకున్నాం.

బ్రూనో_అమ్మ
రాజీ గారూ, చదివి బ్రూనో చెవి ముట్టుకుని చూశాను. ఇంకా మెత్తగానే ఉంది. మీ గుండుకి నా ముద్దు.

అలర్జీ అంటే ఏ అలర్జీ?

కాకర్_రాజీ
గుండుకి చికెన్. ఎనిమిది వారాలు కొత్త రకం మాంసం, బియ్యం తప్ప ఏమీ పెట్టలేదు. ఒక్క బిస్కెట్, ఒక్క పెరుగు చుక్క కూడా లేదు. దురద తగ్గింది. చికెన్ మళ్లీ పెట్టాం, నాలుగో రోజుకి చెవి ఎర్రబడింది. అంతే.

గేదెల_డాక్టర్
అందరిదీ తిండే కాదు. దుమ్ము పురుగులు, పుప్పొడి లాంటి వాటి అలర్జీ ఇంకా ఎక్కువ. థైరాయిడ్ తక్కువైనా చెవులు పాడవుతాయి. పాదాలు నాకడం, చంకలు, పొట్ట ఎర్రబడడం ఉంటే చెవి ఒక్కటే చూడకూడదు, చర్మం మొత్తం చూడాలి. తిండిలో బీఫ్, పాలు, చికెన్, గోధుమ ఎక్కువగా పడనివి. ఆ ఎనిమిది వారాలు ఇంటిల్లిపాదీ మాట మీద నిలబడాలి. తాతగారు బల్ల కింద నుంచి ఒక్క ముక్క వేసినా మళ్లీ మొదటికే.

గుంటూరు_సీను
పెరుగన్నం మానేస్తే అది తెలుగు కుక్క ఎలా అవుతుంది సర్?

పదమూడేళ్ల_పింకీ
ఆవకాయ లేదు కదా అని సర్దుకుంటుంది లెండి.

బిల్లు_బాధితుడు
ఏమోగానీ, నేను ఆ వారం మందు దగ్గరే తప్పు చేశానేమో. డాక్టర్ ఇరవై ఒక్క రోజులు రాస్తే ఏడో రోజు బాగానే ఉందని ఆపేశాను. మళ్లీ చూపిస్తాను. మత్తు మాత్రం భయమే.

చిన్ని_పగ్
పగ్ వాళ్లమే ఒప్పుకున్నాం, మీకేం. పొట్టి ముక్కు వాటికి మత్తు ఇంకా టెన్షన్. ముందు రక్త పరీక్ష చేయమని అడగండి, పొద్దున ఖాళీ కడుపు, అంతే.

బ్రూనో_అమ్మ
శుక్రవారం అయింది. కర్ణభేరి లేదు. చిల్లు కాదు, మొత్తం పోయింది. లోపల నుంచి గేదె జున్నులా చీము, దానిలో వెంట్రుకలు వచ్చాయి. గోరువెచ్చటి సెలైన్‌తో నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగారు. కల్చర్‌లో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా తేలింది. అది చాలా మందులకి లొంగదట. ఏ మందు పనిచేస్తుందో రిపోర్ట్ చూసి మాత్ర మార్చారు, ఆరు వారాలు. చెవిలోకి వేరే చుక్కలు, చిల్లు ఉన్నా పర్వాలేదనే రకం, మలుపు దాకా పోయేలా ఎలా వేయాలో నా చేతే వేయించి చూపించారు.

రెండు వారాలకోసారి స్లైడ్ చూపించాలి. చుక్కల సీసా అరచేతిలో ఓ నిమిషం వెచ్చబెట్టి, చెవి మొదట్లో బొటనవేలు, చూపుడువేలు పెట్టి నొక్కితే పిచపిచ అని చప్పుడు రావాలి. ఆ చప్పుడు రాకపోతే మందు లోపలికి పోనట్టే. ఇన్నాళ్లూ నేను అంచు మీద పోసి తుడిచేస్తున్నా!

వీధి_నేస్తం
ఆ ఆడకుక్క బాగానే ఉంది. పురుగులు తీశారు, రోజూ పెరుగన్నంలో మాత్ర కలిపి పెడుతున్నా. అవును, పెరుగన్నమే. వీధి కుక్కకి అలర్జీ పరీక్ష చేసే స్తోమత నాకు లేదు.

నెవార్క్_నాని
సీను గారికి ఆనందం 😄

బ్రూనో అమ్మగారూ, కాలవలో ఈతకి తీసుకెళ్తారా?

బ్రూనో_అమ్మ
వేసవిలో ప్రతి ఆదివారం కృష్ణ కాలవలో దూకేవాడు. అదీ జూన్‌కి ముందే. ఇప్పుడు అడుగుతుంటే తడుతోంది.

గేదెల_డాక్టర్
ఈత ఒక్కటే కారణం కాదు, అలర్జీ ఉన్న చెవికి తడి తోడైతే చెలరేగుతుంది. కర్ణభేరి అతుక్కుందని డాక్టర్ చెప్పేదాకా నీళ్లు వద్దు. తర్వాత కూడా ఈత అయ్యాక డాక్టర్ చెప్పిన క్లీనర్‌తో కడిగి, పైపైన దూదితో అద్దాలి. బడ్ లోపలికి దూర్చకండి, గులిమిని మలుపు వైపు నెట్టడమే అవుతుంది.

బ్రూనో_అమ్మ
ఏడు వారాలు అయిపోయాయి, అప్‌డేట్ ఇస్తున్నా.

స్లైడ్ రెండుసార్లు వరసగా శుభ్రం. నిన్న చూస్తే కర్ణభేరి పల్చగా పొరలా వచ్చేసింది. కన్ను ఆర్పుతున్నాడు, బుగ్గలో మెతుకులు ఉండట్లేదు. తల మాత్రం ఇంకా కొద్దిగా ఎడమకే, అది అలాగే ఉండిపోవచ్చన్నారు. ఎడమ చెవి ఎంత వినపడుతుందో తెలియదు. నేను కుడి వైపు వంటింట్లో నుంచి పిలిచినా, ఎడమ వైపు హాల్లో నుంచి పిలిచినా కుడికే తిరుగుతాడు. నేను అక్కడ లేకపోతే ఇల్లంతా వెతికి, చివరికి కాళ్ల దగ్గరకి వచ్చి ఇక్కడున్నావా అన్నట్టు చూస్తాడు. చికెన్ ఆపి మూడో వారం, పాదాలు నాకడం తగ్గింది. అత్తయ్య దిష్టి తీయడం ఆపలేదు, నేనూ అడ్డు చెప్పలేదు.

వాసు_రాటీ
మా రాటీకి స్లైడ్ చూపించాను, ఈస్ట్. అలర్జీ అనే అన్నారు. పక్షవాతం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

కాకర్_రాజీ
బ్రూనోకి ముద్దులు. ఒక్క ప్రశ్న. గుడ్ల పక్కన ఉన్న ఆ పాత సీసా పారేశారా?

బ్రూనో_అమ్మ
ఉండండి.

బ్రూనో_అమ్మ
ఇప్పుడే పడేశాను. మూత టక్ అన్న చప్పుడుకి వాడు మంచం కింద దూరాడు. అంటే వినపడుతున్నట్టే కదా!